క్లాస్ గ్రూపులో అబ్బా ఫోన్ నంబర్

ఎండాకాలం సెలవులు ముగిసే వేళకు కాలేజీల్లో ఎఫ్‌డీపీల సీజన్ మొదలవుతుంది. ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్ అని పూర్తి పేరు. అంటే ఉస్తాదులకే తాలీమ్. ఏసీ హాలు, బ్యానర్, శాలువాలు, చివర్న సర్టిఫికెట్. రిపోర్టర్‌గా ఇలాంటివి చాలా చూశాను. స్మార్ట్ బోర్డు మీద ఎలా రాయాలి, గూగుల్ క్లాస్‌రూమ్ ఎలా తెరవాలి, ఏఐతో పీపీటీ ఎలా చేయించాలి, అన్నీ చెప్తారు. అవన్నీ పనికొచ్చేవే, కాదనను. కానీ ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా వినలేదు. మీ క్లాసులో చివరి బెంచీ అమ్మాయి చేతిలో ఏ ఫోన్ ఉంది? అసలు ఉందా?

నా మాట ఒక్కటే. కాలేజీలో టెక్నాలజీ బోర్డు దగ్గర మొదలు కాకూడదు. ఆ అమ్మాయి దగ్గర మొదలు కావాలి. ఇది చదివే ఇళ్లలో కాలేజీకి వెళ్లే బిడ్డలున్నారు, కాలేజీలో పాఠం చెప్పే భాయీలు, బాజీలు కూడా ఉన్నారు. ఇద్దరికీ కలిపే రాస్తున్నాను.

పొద్దున తొమ్మిదింటికి నారాయణగూడ చౌరస్తాలో నిలబడి చూడండి. ఎంజీబీఎస్‌లో గ్రీన్ లైన్ ఎక్కితే సుల్తాన్ బజార్ తర్వాత స్టేషన్ నారాయణగూడే. 2020 ఫిబ్రవరిలో ఆ లైన్ మొదలైంది. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. చాదర్‌ఘాట్, మలక్‌పేట, యాకుత్‌పురా ఆడపిల్లలకు ఈ చుట్టుపక్కల కాలేజీలు అట్లా దగ్గరయ్యాయి. వాళ్లలో ఖాన్‌దాన్‌లోనే మొదటిసారి డిగ్రీ గడప తొక్కినవాళ్లు ఎందరో. దారి ఖర్చు తగ్గింది, అల్‌హమ్దులిల్లాహ్. కాలేజీ లోపలికి వచ్చాక సంగతి వేరు.

అడ్మిషన్ దగ్గరే చూడండి. డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఇస్తున్నారు. రిజిస్ట్రేషన్‌కు ఫోన్ నంబర్ కావాలి, ఓటీపీ రావాలి. మన ఇళ్లలో ఆ నంబర్ ఎవరిది? అబ్బాది. లేదా పెద్ద భాయీది. కాలేజీ రికార్డులోకి ఎక్కేది అదే నంబర్. తర్వాత క్లాస్ టీచర్ ఆ లిస్టు ముందు పెట్టుకుని వాట్సాప్ గ్రూపు చేస్తారు. అంటే బీకాం ఫస్టియర్ నోట్స్ మొత్తం ఆటో నడుపుతున్న అబ్బా జేబులోకి వెళ్తాయి. రాత్రి ఆయన ఇంటికొచ్చి, భోంచేసి, ఫోన్ చార్జింగ్ పెట్టాక ఆ అమ్మాయి వంతు వస్తుంది. అప్పటికి గ్రూపులో నూట పాతిక మెసేజ్‌లు. అందులో తొంభై గుడ్ మార్నింగ్‌లూ దండాలూ.

లెక్చరర్ సాబ్ మాత్రం ‘గ్రూపులో పెట్టాను గదా, చూసుకోవాలి’ అంటారు. పెట్టడం, చేరడం ఒకటి కాదు.

కాబట్టి మొదటి సలహా ఇది. ఖర్చు లేనిది, ఏ ఎఫ్‌డీపీ అవసరం లేనిది. కాలేజీ తెరిచిన మొదటి వారం పిల్లలకు చిన్న కాగితం ఇచ్చి నాలుగు సంగతులు రాయమనండి. ఫోన్ సొంతమా, ఇంట్లో అందరిదా? అందరిదైతే ఏ వఖ్త్‌లో చేతికి వస్తుంది? నెట్ రోజూ ఉంటుందా? పదో తరగతి, ఇంటర్ ఏ మీడియం? పేరు రాయమని జబర్దస్తీ చేయొద్దు. ఆ కాగితాలు చదివాక పాఠం ఎలా పంపాలో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు పంపే సరంజామా సంగతి. చాలామంది లెక్చరర్లు ఏళ్ల కిందటి నోట్స్‌ను ఫోన్‌తో ఫొటోలు తీసి, ముప్పై ఫొటోలు వరసగా గ్రూపులో పడేస్తారు. కొన్ని పక్కకు తిరిగి ఉంటాయి, కొన్నింట్లో బొటనవేలు కూడా ఉంటుంది. రెండు వారాల తర్వాత ఆరో పేజీ కావాలంటే వెతకడం ఎవరి తరమూ కాదు. అందరి ఫోన్‌లో అయితే ‘స్టోరేజ్ ఫుల్’ అని ఎవరో ఒకరు డిలీట్ కూడా చేసేస్తారు. ఇంకొందరు గంట క్లాసు మొత్తం వీడియో తీసి యూట్యూబ్ లింక్ ఇస్తారు. ఒక మోస్తరు క్వాలిటీలో పది నిమిషాల వీడియోకే దాదాపు 100 ఎంబీ పోతుంది. అదే పది నిమిషాలు గొంతు మాత్రమే, 32 కేబీపీఎస్‌లో రికార్డు చేస్తే రెండున్నర ఎంబీ లోపే. ఫోన్‌తో పాటు వచ్చే రికార్డర్ చాలు. వంటింట్లో రొట్టెలు చేస్తూ కూడా వినొచ్చు. రేడియో మీద మన అమ్మీలు ఎన్ని విషయాలు నేర్చుకోలేదు!

అన్నీ మీరే రికార్డు చేయాలని కూడా లేదు. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో, ఐఐటీల ఎన్‌పీటీఈఎల్‌లో, రాష్ట్రం టీ-శాట్‌లో పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఉర్దూలో కావాలంటే గచ్చిబౌలి మౌలానా ఆజాద్ యూనివర్సిటీ మీడియా సెంటర్ వీడియోలు ఉన్నాయి. లెక్చరర్ పని ఆ సముద్రంలోంచి ఈ వారానికి సరిపడే గ్లాసెడు నీళ్లు తీసి ఇవ్వడం. ‘ఈ వీడియోలో పన్నెండో నిమిషం నుంచి పద్దెనిమిది దాకా చూడండి, ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాసుకురండి’ అని రాస్తే అది సలహా. ఊరికే లింక్ పంపితే పంపినవాళ్ల బరువు దిగుతుంది, అంతే.

ఇక లిపి. పత్రికల్లో పనిచేసినవాణ్ని కనుక ఇది నా కడుపుమంట. మన తెలుగు నోట్స్ చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టినవి. ఉర్దూ నోట్స్ పాత ఇన్‌పేజ్‌లో కొట్టినవి. రెంటిదీ ఒకటే బీమారీ. ఆ ఫైల్ ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్‌లోనే అక్షరాలుగా కనిపిస్తుంది. పిల్లవాడి ఫోన్‌లో తెరుచుకోదు, తెరుచుకుంటే పిచ్చి గుర్తులు వస్తాయి. పీడీఎఫ్ చేసి పంపితే కంటికి కనిపిస్తుంది, కానీ అందులో ఒక మాట వెతికితే దొరకదు. యూనికోడ్‌లో కొడితే ఏ ఫోన్‌లోనైనా అక్షరం అక్షరంలాగే ఉంటుంది. వెతకొచ్చు, పెద్దగా చేసుకోవచ్చు, గూగుల్‌లో వేసి అర్థం చూడొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, చూపు లేని విద్యార్థికి ఫోన్ దాన్ని చదివి వినిపిస్తుంది. ఫొటో తీసిన నోట్స్‌ను అలా వినిపించలేదు. క్లాసులో అలాంటి పిల్లవాడు ఒక్కడున్నా అది వాడి హక్.

టైపింగ్ రాదంటారా? ఫోన్ కీబోర్డులో మైక్ గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే తెలుగు అక్షరాలే పడతాయి, ఉర్దూలో మాట్లాడితే ఉర్దూ పడుతుంది. తప్పులుంటాయి, దిద్దుకోవాలి. పాత అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు కూడా ఉన్నాయి. ఒక సెలవు మొత్తం కూర్చుంటే ఇరవై ఏళ్ల నోట్స్ బతికి బయటపడతాయి.

గ్రూపు దగ్గరికి మళ్లీ వద్దాం. అక్కడ ఆడపిల్లల సంగతి ఒకటి ఉంది. మామూలు వాట్సాప్ గ్రూపులో చేరిన ప్రతి నంబర్ మిగతా అందరికీ కనిపిస్తుంది. అరవై మంది క్లాసులో ఒక అమ్మాయి నంబర్ యాభై తొమ్మిది మందికి వెళ్లిపోయినట్టే. రాత్రి పదకొండింటికి తెలియని నంబర్ నుంచి ‘హాయ్’ వస్తుంది. అది చూసేది అబ్బా, లేదా భాయీ. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. తప్పు ఎవడిదో, చదువు ఆగేది ఎవరిదో! ‘హాయ్’ అన్నవాడు మర్నాడు మామూలుగా క్లాసుకు వస్తాడు.

దీనికి ఇలాజ్ ఫోన్‌లోనే ఉంది. వాట్సాప్‌లోనే చానెల్ పెట్టొచ్చు. చానెల్‌లో ఫాలో అయ్యేవాళ్ల నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. కమ్యూనిటీలో ప్రకటనల గ్రూపు పెట్టినా అడ్మిన్లు తప్ప మిగతా సభ్యుల నంబర్లు దాగి ఉంటాయి. టెలిగ్రామ్‌లో నంబర్ దాచుకుని పేరుతో మాత్రమే ఉండొచ్చు. పాఠాలు, ప్రకటనలు అక్కడ పెట్టండి. గుడ్ మార్నింగ్‌ల గొడవా పోతుంది. మార్కుల లిస్టు పేర్లతో అందరికీ పంపడం మానేయండి. మార్కులు పిల్లల అమానత్. కాలేజీ ఫెస్ట్ రీల్స్‌లో ఆడపిల్లల మొహాలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేముందు వాళ్లను అడగండి. ఆన్‌లైన్ క్లాసు పెడితే ‘కెమెరా ఆన్ చేయి, లేకపోతే అటెండెన్స్ లేదు’ అనకండి. ఒకే గదిలో ఐదుగురు ఉండే ఇల్లు కెమెరాలో ఎలా కనిపిస్తుందో ఆ అమ్మాయికి తెలుసు. అది పర్దా మాత్రమే కాదు, గరీబీ కూడా. గొంతుతో జవాబు చెబితే సరిపోదా?

ఇంటివాళ్లకు కూడా ఒక మాట. ఇల్మ్ హాసిల్ చేయడం ఫర్జ్ అని జుమ్మా బయాన్‌లో వింటాం, తల ఊపుతాం. ఇంటికొచ్చాక ‘ఆడపిల్ల చేతికి ఫోనెందుకు’ అంటాం. ఈ రోజు ఫోన్ లేకుండా హాల్ టికెట్ రాదు, స్కాలర్‌షిప్ రాదు, ఫీజు రీయింబర్స్‌మెంట్ స్టేటస్ తెలియదు, టైమ్‌టేబుల్ మారిన సంగతీ తెలియదు. కొడుకు క్రికెట్ చూసే గంట కూతురి పాఠానికి ఇవ్వలేమా? కొత్త ఫోన్ కొనే స్తోమత అందరికీ ఉండదు, నిజమే. మగ్రిబ్ నుంచి ఇషా దాకా ఇంటి ఫోన్ ఆమెది అని ఒక ఖాయిదా పెట్టుకోవచ్చు. ఆ వఖ్త్ ఏదో లెక్చరర్‌కు కూడా చెబితే ఇంకా మంచిది.

ఇప్పుడు క్లాసు లోపలికి. స్మార్ట్ బోర్డు ఉన్నా, సుద్దముక్క ఉన్నా, చాలా క్లాసుల్లో జరిగేది ఒకటే. సార్ చెప్తారు, పిల్లలు రాసుకుంటారు. ‘అర్థమైందా?’ అంటే ‘ఎస్ సార్’ అని కోరస్. ఆ కోరస్‌లో ఎన్ని ఖామోష్ గొంతులున్నాయో తెలుసుకోవడానికి ఒక తరీఖా ఉంది. ప్లికర్స్ అని ఒక ఆప్. అందులో ఫోన్ కావాల్సింది లెక్చరర్‌కు ఒక్కరికే. పిల్లలకు కాగితం మీద ప్రింట్ తీసిన గుర్తుల కార్డులు ఇస్తారు. కార్డును ఏ వైపు తిప్పి పట్టుకుంటే ఆ జవాబు, ఏ, బీ, సీ, డీ. లెక్చరర్ తన ఫోన్ కెమెరాను క్లాసు మీద తిప్పితే ఎవరు ఏం చెప్పారో లెక్క వచ్చేస్తుంది. పక్కవాళ్లకు తెలియదు, కనుక తప్పు చెప్పినా బేఇజ్జతీ లేదు. ఇదీ వద్దనుకుంటే ఛాతీ దగ్గర వేళ్లతో ఒకటి, రెండు, మూడు, నాలుగు చూపించమనండి. పైసా ఖర్చు లేదు.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1991 నుంచి ఇలాంటిదే చేస్తున్నాడు. క్లాసు మధ్యలో ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. అందరూ విడివిడిగా జవాబు ఎంచుకుంటారు. తర్వాత పక్కవాళ్లతో వాదించుకోమంటాడు. మళ్లీ జవాబు అడుగుతాడు. రెండోసారి సరైన జవాబులు పెరుగుతాయి. ఎందుకంటే ఇప్పుడిప్పుడే అర్థమైన పిల్లవాడికి, ఇంకా అర్థం కాని పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో బాగా తెలుస్తుంది. ప్రొఫెసర్‌కు ఆ సంగతి మరుపున పడి ఎన్నో ఏళ్లయి ఉంటుంది.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మన దీనీ మదరసాల్లో దీన్ని తక్రార్ అంటారు. దర్సుకు ముందు ముతాలా, అంటే పాఠం ముందుగా చదువుకుని రావడం. తర్వాత ఉస్తాద్ దర్స్. ఆ తర్వాత షాగిర్దులు గుంపులుగా కూర్చుని ఒకరికొకరు ఆ సబక్ చెప్పుకోవడం తక్రార్. మన జామియా నిజామియా లాంటి మదరసాల్లో చదివినవాళ్లను అడగండి, చెప్తారు. ఎఫ్‌డీపీలో ఇప్పుడు ‘ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్’ అని కొత్తగా చెప్తున్నదానికీ, ముతాలాకూ పెద్ద తేడా కనిపించదు నాకు. పేరు మారితే రిజిస్ట్రేషన్ ఫీజు వస్తుంది గావచ్చు. మన పాత తరీఖాలో బట్టీ కూడా చాలా ఉంది, అదంతా గొప్పదని నేను అనడం లేదు. తక్రార్ మాత్రం తీసుకోదగ్గది.

పక్కనే అశోక్‌నగర్ ఉంది. అక్కడి కోచింగ్ సెంటర్లను చూసి డిగ్రీ లెక్చరర్లు మూతి విరుస్తారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చునే గ్రూప్స్ అభ్యర్థుల్లో చాలామంది ఈ కాలేజీల నుంచి డిగ్రీ తీసుకుని వెళ్లినవాళ్లే. మూడేళ్లు కాలేజీలో విన్నది అక్కడ మళ్లీ డబ్బు కట్టి ఎందుకు వింటున్నారు? కోచింగ్‌లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, ఆలోచన తక్కువ, పాయింట్లు ఎక్కువ. కానీ ఒక పని వాళ్లు తప్పకుండా చేస్తారు. మాటిమాటికీ టెస్ట్ పెడతారు. దాని వెనక శాస్త్రం ఉంది. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసి చూపించారు. ఒక గుంపు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది. ఇంకో గుంపు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే పుస్తకం మూసి రాసినవాళ్లు ముందున్నారు.

కాబట్టి క్లాసు చివర మూడు నిమిషాలు నోట్స్ మూయించి, ఈ రోజు తెలుసుకున్నవి మూడు ముక్కలు, అర్థం కానిది ఒకటి రాయించండి. ఏ భాషలోనైనా రాయనివ్వండి. మార్కులు వేయొద్దు. ఆ చీటీలు బస్సులో కూర్చుని చదువుకోవచ్చు. రేపటి క్లాసు ఎక్కడ మొదలుపెట్టాలో అవే చెప్తాయి.

ఏఐ గురించి రాయకపోతే ఊరుకోరు. చాట్‌జీపీటీ 2022 నవంబర్ చివర్లో వచ్చింది. అప్పట్నుంచి అసైన్‌మెంట్లన్నీ ఒకే గొంతుతో మాట్లాడుతున్నాయని లెక్చరర్ల షికాయత్. నిజమే. కానీ కొందరు పట్టుకున్న ఇలాజ్ బీమారీ కంటే ఘోరంగా ఉంది. పిల్లల వ్యాసాన్ని ఏదో ఏఐ డిటెక్టర్‌లో వేసి, ‘ఎనభై శాతం ఏఐ’ అని రాగానే సున్నా వేస్తున్నారు. చాట్‌జీపీటీని తయారు చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే తన సొంత డిటెక్టర్‌ను, సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జులైలో మూసేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లను పరీక్షించారు. ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్షకు స్వయంగా రాసిన 91 వ్యాసాలు ఇస్తే, సగటున సగానికి పైగా వ్యాసాలను ఏఐ రాసినవే అన్నాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలను మాత్రం దాదాపు సరిగ్గా గుర్తుపట్టాయి. కారణం కూడా చెప్పారు. పరాయి భాషలో రాసేవాళ్లు తెలిసిన కొన్ని మాటలతో, జాగ్రత్తగా, సాదా వాక్యాలు రాస్తారు. యంత్రం కూడా అలాగే రాస్తుంది.

ఆ సాదా వాక్యాలు రాసేది ఎవరు? ఉర్దూ మీడియం నుంచి వచ్చిన అమ్మాయి, తెలుగు మీడియం నుంచి వచ్చిన నల్లగొండ పిల్లవాడు. మెహనత్ చేసి, డిక్షనరీ పక్కన పెట్టుకుని సొంతంగా రాసినవాళ్లే దొంగలుగా నిలబడతారు. ఇంగ్లీష్ మీడియం పిల్లవాడు ఏఐతో రాయించి, రెండు మాటలు అటూ ఇటూ చేసి బయటపడతాడు. సబూత్ లేకుండా షక్ మీద సజా వేయడం ఇన్సాఫ్ కాదు. దానికన్నా పిల్లల్ని పిలిచి రెండు నిమిషాలు మాట్లాడించండి. ‘ఈ మాట ఎందుకు రాశావు? ఇంకో ఉదాహరణ చెప్పు’ అనండి. రాసినవాళ్లకు తెలుస్తుంది, నఖల్ కొట్టినవాళ్లకు తెలియదు. అరవై మందిని ఒక రోజులో చేయలేరు, రోజుకు ఐదుగురైతే పన్నెండు క్లాసులు. ప్రశ్నను కూడా మార్చండి. ‘జీఎస్టీ గురించి వ్యాసం రాయండి’ అంటే యంత్రం రాస్తుంది. ‘మీ గల్లీలో ఒక దుకాణం బిల్లు తెచ్చి, అందులో పన్ను ఎలా లెక్క కట్టారో రాయండి’ అంటే వాళ్లే వెళ్లాలి.

ఏఐ హరామ్ అనే ఫత్వా నేనివ్వను. లెక్చరర్‌కు అది పనికొస్తుంది. ఒక పాఠం మీద ఇరవై ప్రశ్నలు తయారు చేయించుకోవచ్చు. కష్టమైన పేరాను సులువు ఇంగ్లీష్‌లో రాయించుకోవచ్చు. పిల్లలకు ఇచ్చే ముందు మాత్రం ప్రతి అక్షరం చదవాలి. లేని పుస్తకాల పేర్లు పుట్టించడం దానికి అలవాటు. గాలిబ్ రాయని షేర్లు గాలిబ్ పేరు మీద చెప్పడంలో వాట్సాప్ యూనివర్సిటీని ఇది ఎప్పుడో మించిపోయింది.

చివరిగా జబాన్. నిజానికి ఇదే అన్నిటికన్నా పెద్దది.

నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. ఛందస్సు క్లాసులో గణాలు, యతి, ప్రాస అని బోర్డు నిండా రాస్తుంటే గోడవైపు చూస్తూ కూర్చునేవాణ్ని. ఛందస్సు అంటే నువ్వు బడిలో చదివిన అరూజ్ లాంటిదే, గణం అంటే రుక్న్ లాంటిదే అని ఒక్కరు చెప్పి ఉంటే! నాకు విషయం తెలుసు, పేరు తెలియదు. ఈ రోజు కాలేజీల్లో బీఎస్సీ, బీకాం చదువుతున్న ఎందరో పిల్లలది ఇదే హాల్. అమ్మాయికి జియాయీ తాలీఫ్ తెలుసు, ఫొటోసింథసిస్ అంటే తెలియదు. పక్క బెంచీ పిల్లకు కిరణజన్య సంయోగక్రియ తెలుసు. సార్ అనుకుంటారు ఇద్దరికీ ఏమీ రాదని. ఇంకో తమాషా. ఉర్దూ పిల్లవాడు లేచి ‘సర్, ఏక్ సవాల్ హై’ అంటే తెలుగు సార్‌కు వాడు ఛాలెంజ్ చేస్తున్నట్టు వినిపిస్తుంది. ఉర్దూలో సవాల్ అంటే వట్టి ప్రశ్నే పాపం.

హైదరాబాద్‌కు ఈ పని కొత్త కాదు. ఉస్మానియా యూనివర్సిటీ కోసం 1917లోనే ఇక్కడ దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాన్ని నడిపారు. ఫిజిక్స్ నుంచి వైద్యం దాకా పుస్తకాలు ఉర్దూలోకి వచ్చాయి, వేల ఇస్తిలాహాత్, అంటే పారిభాషిక పదాలు తయారయ్యాయి. ఆ మాటలు ఎలా కట్టాలో చెప్తూ వహీదుద్దీన్ సలీమ్ ‘వజ్-ఎ-ఇస్తిలాహాత్’ అనే పుస్తకమే రాశారు. అదే ఉర్దూ ఆ రోజుల్లో తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలకు గోడ అయిందన్నది కూడా మరవకూడదు. ఇప్పుడు గోడకు ఇటువైపు మన పిల్లలున్నారు. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది, నారాయణగూడకు కూతవేటు దూరంలో హిమాయత్‌నగర్‌లోనే. డిగ్రీ పుస్తకాలు తెలుగులో తెచ్చింది, పదకోశాలు వేసింది. అదే హిమాయత్‌నగర్‌లో ఉర్దూ హాల్ ఉంది. ఇంత దగ్గర దగ్గరగా ఉన్న ఈ రెండు ఖజానాలనూ ఒకే కాగితం మీద పెట్టిన నోట్స్ మాత్రం నా కంట పడలేదు.

ఒక్కో సబ్జెక్టుకు వంద మాటలు చాలు. మూడు గడులు, ఇంగ్లీష్, తెలుగు, ఉర్దూ. గూగుల్ షీట్‌లో యూనికోడ్‌లో కొట్టి లింక్ ఇస్తే పిల్లలే కొత్తవి చేరుస్తారు. ప్రింట్ తీసి క్లాసు గోడకు అంటిస్తే ఫోన్ లేనివాళ్లూ చూస్తారు. తెలుగు లెక్చరర్ ఒకరు, ఉర్దూ లెక్చరర్ ఒకరు, ఆ సబ్జెక్టు చెప్పేవాళ్లు ఒకరు, స్టాఫ్ రూమ్‌లో రెండు మధ్యాహ్నాలు కూర్చుంటే ఒక సబ్జెక్టు అయిపోతుంది. బీకాంతో మొదలుపెట్టొచ్చు. క్యాపిటల్, మూలధనం, సర్మాయా. డిప్రిసియేషన్, తరుగుదల, ఫర్సూదగీ. డిమాండ్‌కు తలబ్, సప్లయికి రసద్. సప్లయికి తెలుగు గడిలో ‘సరఫరా’ అని రాయండి. అది కూడా మన జబాన్ నుంచి తెలుగులోకి వెళ్లిన లఫ్జే, రెండు గడుల పిల్లలూ గుర్తుపడతారు. మిగిలిన తొంభై ఆరు మాటలు ఈ సెలవుల్లో ఎవరు కొడతారో చెప్పండి, అక్షరాలు దిద్దడానికి నేను వస్తాను.